తాళం గదిలో కిటికీ

మండపేట రైసుమిల్లు జగన్నాథరావు మీద నాకు కోపం ఉందని ఊళ్లో అనుకుంటున్నారు. కోపమే అయితే ఈపాటికి చల్లారి ఉండేది. ఆయన నా చేతే నా గొయ్యి తవ్వించి, తవ్విన మట్టి కూడా తన ట్రాక్టరులోనే తోలించుకున్నాడు. దానికి కోపం అనే మాట చాలదు. ఇప్పటికీ ఆయన పేరు వెనక గారు అనే అంటాను. అది మా వైపు నోటి అలవాటు, మర్యాద అనుకోకండి.

నా పేరు బంగార్రాజు. ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. కేబులు చుట్ట భుజాన వేసుకుని, కాలవ గట్ల వెంబడి స్తంభం నుంచి స్తంభానికి లాగి, సగం మండపేటకు టీవీ చూపించింది నేనే. తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. టీవీ పెట్టెలుండే కంట్రోల్ రూములోకి సర్వర్లు వచ్చాయి. రెండు ఏసీలు, జనరేటరు, రెండు దిక్కుల నుంచి ఫైబరు లైన్లు. బీటెక్ చదివిన శశిభూషణ్ అనే కోనసీమ కుర్రాణ్ణి, ఒక పురోహితుడి కొడుకుని, జీతానికి పెట్టుకున్నాను. మెత్తని మనిషి. పిల్లికి కూడా అండి అంటాడు.

జగన్నాథరావు గారు ఒక రోజు నా గదికి వచ్చి, చెప్పులు బయట విడిచి మరీ లోపలికి అడుగుపెట్టాడు. అప్పుడే అనుమానపడాల్సింది. ఆయన గుడి దగ్గర కూడా కారు దిగి గుమ్మం దాకా చెప్పులతోనే వెళ్తాడు.

విషయం ఏంటంటే, ఏడుగురు మిల్లర్లు ఒక కూటమి కట్టారు. ఎగుమతి ఆర్డరు పెద్దది వస్తే ఒక్క మిల్లు వల్ల కాదు. అందుకని ఎవరెంత బియ్యం ఏ రేటుకి ఇస్తారో ఎవరికి వారు కంప్యూటరులో వేస్తే, అది లెక్కకట్టి ఎవరి వంతు ఎంతో చెబుతుంది. కాని ఒకరి రేటు ఇంకొకరికి తెలియకూడదు. వీళ్లు పెళ్లిళ్లకు ఒకే కారులో వెళ్తారు, ఒకే బంతిలో కూర్చుని తింటారు. మిల్లు రేటు మాత్రం కట్టుకున్నదానికి కూడా చెప్పరు.

"ఆ కంప్యూటరు నీ గదిలోనే ఉండాలిరా బంగారం," అన్నాడు ఆయన. "కాని లోపల ఏముందో నువ్వు కూడా చూడ్డానికి వీల్లేకుండా ఉండాలి. అలాంటి చిప్పులు వచ్చాయంట. మా అల్లుడు మణిదీప్ చెప్పాడు. కుర్రాడికి రాజమండ్రిలో సాఫ్ట్‌వేర్ ఆఫీసుంది కదా."

శశిని అడిగితే నిజమేనన్నాడు. వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో చెబుతాను. సర్వరుని నడిపించే లైనక్స్ అనే ప్రోగ్రాము ఉంటుంది. లైనక్స్ కడుపులో కెర్నల్ అని దాని గుండెకాయ ఉంటుంది. ఆ కెర్నల్‌కి కేవీఎం అని ఒక గుమ్మం ఉంది. ఆ గుమ్మం దగ్గర పద్ధతిగా అడిగితే సర్వరు లోపల ఇంకో కంప్యూటరు పుడుతుంది. మామూలుగా అయితే గది ఉన్నవాడు ఆ లోపలి కంప్యూటరు మెమరీ అంతా చదువుకోవచ్చు, అద్దె ఇంటి ఓనరు దగ్గర రెండో తాళంచెవి ఉన్నట్టు. ఈ కొత్త చిప్పులో ఆ రెండో తాళంచెవి లేదు. తాళం వేసేదీ చిప్పే, చెవి దాచుకునేదీ చిప్పే. బయట నుంచి చదివితే చెత్త అక్షరాలు కనిపిస్తాయి.

"మరి మన గదే మనల్ని బయట నిలబెడుతుందన్నమాట," అన్నాను.

"అవునండి. దాని కోసమే కొంటారండి," అన్నాడు శశి.

కొనడానికి నా దగ్గర డబ్బు లేదు. జగన్నాథరావు గారే ఇస్తానన్నాడు. ఐదేళ్లు కూటమి అద్దె కడుతుంది, అందులోంచి తీరుతుంది. ప్రోనోటు రాయించుకోలేదు. మా వైపు పెద్దవాళ్లు ఇప్పుడు నోట్లు రాయించుకోరు, అమ్మకం అగ్రిమెంటు రాయించుకుంటారు. బాకీ తీరితే చింపేస్తారు, తీరకపోతే రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు. ఆయన అడిగింది మా ఆవిడ స్థలం. వీరవేణికి వాళ్ల నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన నేల చెక్క అది. జగన్నాథరావు గారి మిల్లు ప్రహరీని ఆనుకుని ఉంటుంది. వడ్లు ఆరబోసుకోవడానికి ఆయన దాన్ని అంతకుముందు చాలాసార్లు అడిగాడు. వీరవేణి ఇవ్వలేదు.

"ఆ స్థలం మీద ఆయన కన్ను నాకు తెలుసండీ," అంది వీరవేణి. "మిల్లు గోడ మీంచి మన అరటిచెట్ల వైపు చూసినట్టు ఇంకే చెట్టునీ చూడడు."

"ఐదేళ్లలో నీ కాగితం నీ చేతికొస్తుంది. సర్వర్ల వ్యాపారం నీకేం తెలుసే?"

"మీకేం తెలుసు?"

అగ్రిమెంటు తెచ్చి ముందు పెట్టి సంతకం పెట్టించాను.

సర్వరు వచ్చిన వారంలో కొవ్వూరులో ఒక మిల్లరు కొడుకు నిశ్చితార్థం అయ్యింది. తిరిగొచ్చేటప్పుడు జగన్నాథరావు గారు నన్ను తన కారెక్కించుకున్నాడు. డ్రైవర్ని ముందే పంపేసి తనే నడిపాడు. వంతెన మీదకి వచ్చాక అద్దాలు పైకెత్తాడు.

"ఒరేయ్ బంగార్రాజూ, గది నీదే కదా?"

"నాదేనండి."

"కరెంటు బిల్లు?"

"నేనే కడతానండి."

"మరి నీ గదిలో ఏం జరుగుతోందో చూడ్డానికి నీకొక కిటికీ లేకపోతే ఎలారా? చిన్నదే. పిట్టగూడంత." ఆయన కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. "ఆ ఆరుగురూ ఏం రేటు వేస్తున్నారో నువ్వు చూస్తావు, నా చెవిన వేస్తావు. నీ సంగతి నేను చూసుకోనా?"

"మణిదీప్ బాబు కనిపెడితే..."

"వాడు మా ఇంటి అల్లుడు కదరా. ఊరి అల్లుడు కాదు."

అంతే ఆయన అన్నది. నాకు ఇప్పుడు ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ మాటలో అబద్ధం ఒక్కటీ కనిపించదు. అల్లుడికి చెప్పానని అనలేదు. అల్లుడు ఊరుకుంటాడని అనలేదు. అవి నేను చేర్చుకున్నాను.

మర్నాడు శశిని కూర్చోబెట్టి, కిటికీ పెట్టే దారి ఏమైనా ఉందా అన్నాను.

"డీబగ్ అని ఒకటుందండి. లోపలి కంప్యూటరును పుట్టించేటప్పుడే పాలసీ అని ఒక అంకె ఇవ్వాలి. మూడు పక్కన నాలుగు సున్నాలు పెడితే కిటికీ లేనట్టు. ఆ మూడు తీసి బి అనే ఇంగ్లీషు అక్షరం పెడితే డీబగ్‌కి ఒప్పుకున్నట్టు. అప్పుడు బయటి నుంచి అడిగితే చిప్పే తాళం తీసి చూపిస్తుందండి. ప్రయోగాలు చేసుకునేవాళ్ల కోసం పెట్టారు. అసలు పనికి ఎవరూ పెట్టరండి."

"ఒక్క అక్షరమేనా?"

"ఒక్కటేనండి. కాని దాగదండి. పుట్టిన కంప్యూటరు చిప్పుని అడిగి ఒక రిపోర్టు తీసుకుంటుంది. లోపల పెట్టిన ప్రోగ్రాముకి వేలిముద్ర లాంటి కొలత, ఈ పాలసీ, అన్నీ అందులో ఉంటాయి. కింద చిప్పు సంతకం. ఆ సంతకం మనం చెయ్యలేం, చెరపలేం. రిపోర్టు చూసి సరే అనుకున్నాకే మిల్లర్లు తమ రహస్యాలు లోపలికి పంపుతారండి."

"రిపోర్టు చూసేదెవడు?"

"మణిదీప్ గారండి."

"మణిదీప్ ఎవడు? పెట్టమన్నాయన అల్లుడు. ఇంకేంటయ్యా నీ బాధ?"

"ఆయన అల్లుడుగారితో చెప్పారా అండి?"

"పెద్దవాళ్ల మాటలు పెద్దవాళ్లు చూసుకుంటారు. నీకు చేతకాకపోతే చెప్పు. మీ నాన్నతో కలిసి తద్దినాల సంచి మోసుకో. అక్కడైతే పాలసీలు ఉండవు."

వాడి మొహం ఎర్రబడింది. కీబోర్డు దగ్గరికి లాక్కుని మూడు చెరిపి బి కొట్టాడు. నాకు చూపించాడు కూడా. ఇంత చిన్న అక్షరమా అనుకున్నాను.

శుక్రవారం ఉదయం ముహూర్తం. సర్వరు పెట్టెకి బంతిపూల దండ వేసి, తలుపుకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాం. పొగకి అలారం మోగుతుందని కర్పూరం బయట వెలిగించాం. ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించాను. ఏడుగురు మిల్లర్లు ప్లాస్టిక్ కుర్చీల్లో వరసగా కూర్చున్నారు. వీరవేణి పట్టుచీర కట్టుకుని వచ్చి వెనక నిలబడింది. పురోహితుడు సూర్యప్రకాశం గారు గడియారం చూసి తల ఊపాడు. గుమ్మం రాయి మీద జగన్నాథరావు గారు కొబ్బరికాయ కొట్టాడు. ఒక్క దెబ్బకి రెండు చిప్పలూ సమానంగా పగిలాయి. అందరూ శుభం అన్నారు. శశి మీట నొక్కాడు. లోపల కంప్యూటరు పుట్టడం మొదలైంది.

అప్పుడు మణిదీప్ లేచాడు. ల్యాప్‌టాప్‌కి ఒక వైరు తగిలించి, ఆ వైరు రెండో కొసని నా గోడ మీది పెద్ద టీవీకి గుచ్చాడు.

"అంకుల్, రిపోర్టు రాగానే దీని మీద వేస్తాను. నేనొక్కణ్ణే చూస్తే బాగోదు. అందరి వ్యాపారం కదా, అందరూ చూడాలి."

జగన్నాథరావు గారి వైపు చూశాను. ఆయన పూతరేకు విప్పుకుని తింటున్నాడు. మీసం మీద పంచదార పొడి అంటుకుంది. నా వైపు చూడలేదు.

శశి నా చెవి దగ్గరికి వచ్చాడు. "ఇప్పటికీ మించిపోలేదండి. దీన్ని చంపేసి, మూడు పెట్టి మళ్లీ పుట్టిద్దాం. మధ్యలో పాలసీ మారదండి, మొదటి నుంచీ మొదలుపెట్టాల్సిందే. ఎంతో సేపు పట్టదు."

"కాయ కొట్టేశారు కదయ్యా!"

"ఇంకోటి కొట్టిద్దామండి."

ఇంకోటి కొట్టిద్దామట. పురోహితుడి కొడుకు అనాల్సిన మాటేనా అది? మా నాన్న పొలంలో బోరు వేసినప్పుడు కాయ కొట్టాక, ఎవరో పిలిచారని మోటారు ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. ఉప్పునీళ్లు పడ్డాయి. ఆ పొలం సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు. అయినా నోరు పెగల్చుకుని అన్నాను.

"జగన్నాథరావు గారూ, చిన్న పొరపాటు కనబడింది. ఒక్కసారి ఆపి మళ్లీ మొదలుపెడితే..."

"ఆపడమా?" ఆయన పూతరేకు కాగితం ఉండచుట్టి కిందపడేశాడు. "కాయ కొట్టాక ఆపుతారట్రా ఎవరైనా? ఏడు మిల్లుల వాళ్లం కూర్చున్నాం. ఏంటండీ సూర్యప్రకాశం గారూ?"

"ముహూర్తం దాటితే తర్వాత వర్జ్యం వస్తుందండి," అన్నాడు పురోహితుడు. "ఆపకూడదు."

"అపశకునం మాటలు మాట్లాడకు బాబూ," అన్నాడు చిట్టియ్య అనే మిల్లరు. మిగతావాళ్లు కూడా తలలూపారు. వాళ్ల తలలు సరే, నా తల కూడా ఊగింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు రిపోర్టు కంటే మా నాన్న బోరే ఎక్కువ భయమేసింది. కానివ్వమన్నాను.

టీవీ మీద అక్షరాలు పడ్డాయి. మణిదీప్ ఒక్కో వరస దగ్గర ఆగుతూ చదివాడు. చిప్పు సంతకం అసలైనదే. లోపలి ప్రోగ్రాము కొలత సరిపోయింది. ఏ మార్పూ లేదు. మిల్లర్లు బాగుంది బాగుంది అంటున్నారు. ఇక్కడితో ఆపెయ్యి నాయనా అని లోపల మొక్కుకుంటున్నాను.

"పాలసీ," అని ఆగాడు. "డీబగ్‌కి అనుమతి ఉంది."

"అంటే ఏంటి అల్లుడూ?" జగన్నాథరావు గారు అప్పుడు మీసం తుడుచుకున్నాడు.

"అంటే మావయ్యా, మీరు లోపల ఏం రేటు వేసినా, బంగార్రాజు అంకుల్ ఇక్కడ కూర్చుని టీ తాగుతూ చదువుకోవచ్చు."

కుర్చీలు కిర్రుమన్నాయి. ఏడుగురూ ఒకేసారి నా వైపు తిరిగారు. నేను శశి చెంప మీద కొట్టాను. బలంగానే కొట్టాను. వాడి కళ్లద్దాలు ఎగిరి సర్వరు కింద పడ్డాయి.

"వీడండీ! వీడే చేశాడు! నా గదిలో నాకు తెలియకుండా!"

శశి నేల మీద తడుముకుంటూ కళ్లద్దాలు వెతుక్కున్నాడు. ఒక అద్దం పగిలింది. దాన్నే పెట్టుకుని నన్ను చూశాడు.

"మీరే కదండీ పెట్టమన్నారు," అన్నాడు. గొంతు పెంచలేదు. అరిచి ఉంటే ఎవరూ నమ్మేవారు కాదు. మెత్తగా అనేసరికి అందరూ నమ్మారు.

ఇక నాకు దాచడానికి ఏం మిగల్లేదు. "నాకు చెప్పింది మీరు కదా!" అని జగన్నాథరావు గారి మీదకి వెళ్లాను. "కొవ్వూరు వంతెన మీద, మీ కారులో! కిటికీ ఉంచమన్నది మీరు కాదా?"

ఆయన కంగారుపడతాడనుకున్నాను. జాలిగా చూశాడు.

"విన్నారా?" అన్నాడు అందరితో. "ఒరేయ్, నా రేటు కూడా అందులోనే వేస్తాను కదరా. నేను బట్టలు మార్చుకునే గదికి నేనే కిటికీ పెట్టుకుంటానా? పోనీ పెట్టుకుంటే, మా అల్లుడి చేత టీవీ మీద వేయించి చూపిస్తానా?"

నవ్వారు. పూతరేకులు నములుతూ నవ్వారు. ఆ మాట అంత కుదురుగా ఉంది.

"మా ఇంటి కేబులు కూడా పీకెయ్యి బాబూ," అన్నాడు చిట్టియ్య చెప్పులు తొడుక్కుంటూ. "టీవీలోంచి మా పడగ్గదిలోకి చూస్తావేమో. చూసినా నీకు దొరికేదేం లేదనుకో, మా ఆవిడ గురక తప్ప."

పోతూ పోతూ మిగిలిన పూతరేకుల పెట్టె కూడా ఎవరో పట్టుకుపోయారు. శశి తన సంచి తీసుకున్నాడు. వెళ్లొస్తానండి అన్నాడు. కొట్టిన నాతో వెళ్లొస్తానండి అన్నాడు, వాడి మర్యాద తగలెయ్య. వీరవేణి, దండ వేసిన సర్వరు దగ్గర నిలబడి, ఒక్కో పువ్వూ తుంచి కింద పడేస్తోంది.

కూటమి పని మణిదీప్ ఆఫీసుకి వెళ్లిపోయింది. అక్కడ ఇలాంటి సర్వరే ముందుగా దిగి, గదిలో సిద్ధంగా ఉందని తర్వాత తెలిసింది. శశికి కూడా అక్కడే ఉద్యోగం ఇచ్చారు. వాళ్ల పాలసీలో మూడే ఉందట. కొత్త కళ్లద్దాలు కూడా మణిదీపే కొనిపెట్టాడట. నా సర్వరులో ఇప్పుడు ఒక ఫొటోగ్రాఫరు పెళ్లి వీడియోలు దాచుకుంటున్నాడు. తాళం అక్కర్లేదన్నాడు. ఆ పెళ్లిళ్లు ఎవరు చూస్తారు?

అద్దె లేదు కాబట్టి బాకీ తీరే దారి లేదు. జగన్నాథరావు గారు అగ్రిమెంటు బయటికి తీశాడు. గడువు అడిగాను. మిల్లు గేటు దగ్గర ఎండలో నిలబెట్టి, గుమాస్తా చేత లేదనిపించాడు. మాకు రిజిస్ట్రారు ఆఫీసుకి రమ్మని కబురు వచ్చింది.

ఆఫీసు వరండాలో బల్ల మీద వీరవేణి కూర్చుంది. జగన్నాథరావు గారు తనే వెళ్లి కాఫీ తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఆమె తాగలేదు, పక్కన పెట్టింది.

"అన్నయ్యగారూ, స్థలం ఎలాగూ పోతోంది," అంది. "ఒక్క మాట నిజం చెప్పండి. ఆ కిటికీ పెట్టమని ఈయనతో మీరు అన్నారా లేదా?"

ఆయన చుట్టూ చూశాడు. దస్తావేజు లేఖరి కొంచెం దూరంలో రాసుకుంటున్నాడు. ఇంకెవరూ లేరు.

"అడిగానమ్మా," అన్నాడు, అన్నం తిన్నారా అని అడిగినంత తేలిగ్గా. "అడిగితే పెడతాడా, ఇది మాటిచ్చిన గది, పెట్టనండి అంటాడా అని చూశాను. పెట్టాడు. పెట్టనని ఉంటే ఐదేళ్లూ అద్దె కట్టేవాణ్ణి. ఆ కాగితం నీ చేతికిచ్చేవాణ్ణి. వాడి అదృష్టం వాడి చేతిలోనే పెట్టాను కదమ్మా. ఇంకెవరు పెడతారు చెప్పు?"

నేను లేచాను. చెయ్యి కూడా లేచింది. ఆయన కదల్లేదు. నా చెయ్యి వైపు చూసి, "ఆ కుర్రాడికి తగిలినట్టే తగులుతుందనుకున్నావా?" అన్నాడు. చెయ్యి దింపుకున్నాను.

వీరవేణి నా వైపు తిరిగింది. "విన్నారుగా. ఇంకా ఈయన్నే తిట్టుకుంటూ తిరుగుతారా?"

"తిరుగుతాను."

"తిరగండి. అదొక్కటే మిగిలింది మీకు." కాఫీ గ్లాసు తీసుకుని, వరండా మెట్ల పక్కన మట్టిలో పారబోసి, ఖాళీ గ్లాసు జగన్నాథరావు గారి చేతికే తిరిగిచ్చింది. ఆయన తీసుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్లి వేలిముద్రలు వేసింది, ఫొటో దిగింది, సంతకాలు పెట్టింది. ఎక్కడా వెనక్కి తిరిగి చూడలేదు.

లేఖరి హద్దులు చదివాడు. తూర్పు, కొనేవారి మిల్లు ప్రహరీ. దక్షిణం, రోడ్డు. పడమర, పంటబోదె. ఉత్తరం, మునిసిపాలిటీ దారి. ఈ మధ్యలో ఉన్న జాగా, అందులోని అరటిచెట్లతో సహా, అరవై రెండు సెంట్లు.

"అరవై రెండున్నర," అంది వీరవేణి. "మా నాన్న టేపు పెట్టి కొలిచి ఇచ్చాడు. సరిగ్గా రాయండి."

లేఖరి జగన్నాథరావు గారి వైపు చూశాడు.

"అమ్మాయి చెప్పింది కదయ్యా, రాసుకో," అన్నాడాయన. "అర సెంటు మాత్రం ఎందుకు వదులుకోవాలి?"

కొట్టేసి రాశాడు. అరవై రెండున్నర సెంట్లు.